షాట్ క్లాక్ రాకముందు కాలేజీ బాస్కెట్‌బాల్: ఏ సీజన్‌తో మొదలుపెట్టాలి?

మార్చి వచ్చిందంటే అమెరికాలో ఆఫీసు క్యాంటీన్లలో కూడా కాలేజీ బాస్కెట్‌బాల్ మాటలే వినిపిస్తాయి. ఏ జట్టు ఏ జట్టును ఓడిస్తుందో ముందుగానే రాసి ఇచ్చే సరదా పోటీల్లో అక్కడి మన తెలుగువాళ్లూ పేరిస్తారు. అలా ఆట మీద ఇష్టం కలిగినవాళ్లకు తర్వాత వచ్చే కోరిక పాత మ్యాచ్‌లు చూడాలని. ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: 1979 ఫైనల్ చూడండి, మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్ తలపడిన మ్యాచ్ అది, దానికి మించినది లేదు.

ఆ జవాబుతో నాకు పేచీ ఉంది. పేరున్న ఫైనల్ ఒక్కటి పట్టుకుని చూస్తే గెలిచినవాళ్ల సంతోషం కనిపిస్తుంది కానీ, ఆ సంతోషం ఎంత కష్టపడి సంపాదించినదో తెలియదు. కాలేజీ ఆట రుచి ఫైనల్‌కు వచ్చే దారిలో ఉంది. ఒక్క ఓటమితో ఇంటికి పంపే టోర్నమెంటు ఇది. ఆడేవాళ్లు పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండేళ్ల విద్యార్థులు. నాలుగో ఏడాదివాళ్లకు ఇక మరో అవకాశం రాదు. అందుకే ఎంచుకోవలసింది మ్యాచ్‌ను కాదు, సీజన్‌ను. ఆ సీజన్ నుంచి ఫైనల్‌తో పాటు దానికి ముందు కనీసం ఒకటి రెండు మ్యాచ్‌లు చూడాలి.

నేను పోల్చబోయేవి పురుషుల విభాగంలో ఐదు సీజన్లు: 1974, 1979, 1982, 1983, 1985. అంతకుముందు కాలమంతా దాదాపు ఒకే జట్టు కథ. జాన్ వుడెన్ శిక్షణలో యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) 1964 నుంచి 1975 వరకు 12 ఏళ్లలో 10 టైటిళ్లు గెలిచింది. అందులో 1967 నుంచి 1973 వరకు వరసగా ఏడు. గొప్ప జట్టు, సందేహం లేదు. కానీ ఎవరు గెలుస్తారో తెలిసిపోయే మ్యాచ్‌లతో కొత్తవాళ్లకు ఆట మీద ప్రేమ పుట్టించడం కష్టం. 1976లో బాబ్ నైట్ శిక్షణలో ఇండియానా 32 మ్యాచ్‌లూ గెలిచింది. ఆ తర్వాత ఇప్పటివరకు ఒక్క ఓటమి కూడా లేకుండా ఛాంపియన్ అయిన పురుషుల జట్టు లేదు. ఫైనల్లో మిషిగన్‌ను 86-68తో చిత్తు చేసింది. దాన్నీ అదే కారణంతో పక్కన పెడుతున్నాను. ఇక 1985 తర్వాత నిబంధనలు మారి ఆట స్వరూపమే వేరైంది.

ముందుగా తెలుసుకోవలసిన నిబంధనలు

ఇవి తెలియకుండా పాత మ్యాచ్ పెడితే పది నిమిషాల్లో విసుగు వస్తుంది. ఇప్పుడు పురుషుల కాలేజీ ఆటలో బంతి చేతికొచ్చాక 30 సెకన్లలో షాట్ వేయాలి. ఆ సెకన్లు లెక్కించే గడియారమే షాట్ క్లాక్. అప్పట్లో అలాంటి గడియారమే లేదు. ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని చేతులు మారుస్తూ నిమిషాల తరబడి కాలం గడపవచ్చు. 1982లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కొన్ని కాలేజీల కూటమి) ఫైనల్లో నార్త్ కరోలినా, వర్జీనియాపై సరిగ్గా అదే చేసి 47-45తో గెలిచింది. దేశంలోని అత్యుత్తమ ఆటగాళ్లు కొందరు కోర్టులో నిలబడి ఒకరినొకరు చూసుకుంటుంటే టీవీ ముందున్నవాళ్లకు ఒళ్లు మండింది. మరుసటి సీజన్‌లో అదే కాన్ఫరెన్స్ 30 సెకన్ల గడియారాన్ని, మూడు పాయింట్ల గీతను ప్రయోగంగా పెట్టింది. దేశమంతటికీ 45 సెకన్ల గడియారం 1985-86లో, మూడు పాయింట్ల గీత 1986-87లో వచ్చాయి.

రెండో విషయం ఫ్రీ త్రోలు, అంటే ప్రత్యర్థి ఫౌల్ చేసినందుకు గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డురాకుండా వేసే ఒక్కో పాయింటు షాట్లు. ఒక సగంలో ప్రత్యర్థి ఫౌళ్లు ఏడుకు చేరాయంటే, అప్పటినుంచి సాధారణ ఫౌల్‌కు మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది వేసే హక్కు. మొదటిది తప్పితే అంతే, బంతి కోసం మళ్లీ కొట్లాట. వెనకబడిన జట్టు కావాలని ఫౌల్ చేసి, ఎదుటివాడి చేయి వణుకుతుందేమోనని ఎదురుచూసేది ఇందుకే. 1983 కథంతా ఈ ఒక్క నిబంధన మీద నడుస్తుంది.

మూడోది డంక్, అంటే ఎగిరి బంతిని రింగు పైనుంచి చేత్తో నేరుగా లోపలికి గుచ్చడం. 1967 నుంచి 1976 వరకు కాలేజీ ఆటలో డంక్ నిషేధం. 1974 మ్యాచ్‌లు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

గడియారం లేని ఆటను చూడటానికి ఒక అలవాటు కావాలి. టెస్టు మ్యాచ్ చివరి రోజు వికెట్ కాపాడుకుంటూ ఆడే బ్యాటర్‌ను ఆసక్తిగా చూడగలిగినవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది. మీకు ఆ ఓపిక ఎంత ఉందన్నదే ఎంపికలో మొదటి కొలత.

1979: పేరు పెద్దది, మ్యాచ్ మామూలుది

మార్చి 26, సాల్ట్ లేక్ సిటీ. మిషిగన్ స్టేట్ 75, ఇండియానా స్టేట్ 64. అమెరికాలో ఏ కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కూ అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అంత టీవీ రేటింగ్ రాలేదు: టీవీ ఉన్న ఇళ్లలో 24.1 శాతం. ఆ రాత్రి మొదలైన పోటీ తర్వాత లేకర్స్, సెల్టిక్స్ జెర్సీల్లో పదేళ్లకు పైగా సాగి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ రాతనే మార్చింది. చరిత్రలో దాని స్థానాన్ని ఎవరూ తక్కువ చేయలేరు.

అయితే మ్యాచ్‌గా చూస్తే? విరామానికే మిషిగన్ స్టేట్ 37-28తో ముందుంది. ఆ తర్వాత ఇండియానా స్టేట్ తేడా తగ్గించింది కానీ పట్టుకోలేకపోయింది. కోచ్ జడ్ హీత్‌కోట్ జోన్ డిఫెన్స్‌ను మొత్తం బర్డ్ చుట్టూ అల్లాడు. బంతి అతని దగ్గరికి వెళితే ఒకరు మీద పడతారు, మరొకరు సగం దూరంలో కాచుకుని ఉంటారు. బర్డ్ 21 షాట్లు వేస్తే 7 మాత్రమే పడ్డాయి, మొత్తం 19 పాయింట్లు. మ్యాజిక్ 24. బొటనవేలు విరిగి ఉన్నా ఆడిన బర్డ్, చివర్లో తువ్వాలులో ముఖం దాచుకుని బెంచీ మీద కూర్చున్న దృశ్యం చూసినవాళ్లకు జాలి కలుగుతుంది. ఉత్కంఠ మాత్రం కలగదు.

ఈ సీజన్‌ను ఎంచుకుంటే ఫైనల్ కంటే ముందు సెమీఫైనల్ చూడండి. డీపాల్‌పై బర్డ్ 19 షాట్లలో 16 వేసి 35 పాయింట్లు చేశాడు. ఇండియానా స్టేట్ 76-74తో గట్టెక్కింది. టెర్రె హాట్ అనే చిన్న ఊరి కాలేజీని 33-0 (గెలుపులు-ఓటములు) రికార్డుతో ఫైనల్ దాకా మోసుకొచ్చిన మనిషి ఎలా ఆడేవాడో ఆ మ్యాచ్‌లో తెలుస్తుంది. అది చూశాక ఫైనల్ పెడితే, హీత్‌కోట్ రక్షణ ఎంత గొప్ప పని చేసిందో అర్థమవుతుంది. మొదటిసారి చూసేవాళ్లకు ఈ సీజన్‌ను నేను సూచించను. ఎన్‌బీఏ ఎనభైల కథ బాగా తెలిసి, దాని పుట్టుక ఎక్కడో చూడాలనుకునేవాళ్లకు మాత్రం ఇదే సరైనది.

1982: ఒక్క సాయంత్రమే ఉందంటే

సీజన్ మొత్తం అక్కర్లేదు, ఒక్క మ్యాచ్ చాలు అనేవాళ్లుంటారు. వాళ్లకు తడుముకోకుండా ఈ ఫైనల్ చెబుతాను. మార్చి 29, న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్, 61,612 మంది జనం. నార్త్ కరోలినా 63, జార్జ్‌టౌన్ 62.

మొదటి నిమిషాలే విచిత్రంగా ఉంటాయి. జార్జ్‌టౌన్ తరఫున మొదటి ఏడాది కుర్రాడు ప్యాట్రిక్ యూయింగ్, బాస్కెట్ వైపు దిగుతున్న బంతులను వరసగా కొట్టేస్తుంటాడు. దిగుతున్న బంతిని తాకితే అది గోల్‌టెండింగ్, పాయింట్లు ఎదుటి జట్టుకే. నార్త్ కరోలినా తొలి ఎనిమిది పాయింట్లూ అలా వచ్చినవే. కోచ్ జాన్ థాంప్సన్ ఉద్దేశం పాయింట్లు ఆపడం కాదు, లోపలికి వస్తే ఇక్కడ ఒకడున్నాడని ప్రత్యర్థుల మనసులో నాటడం. నాటుకుంది కూడా. కానీ జేమ్స్ వర్తీ బెదరలేదు. 17 షాట్లలో 13 వేసి 28 పాయింట్లు చేశాడు.

ఇక చివరి అరనిమిషం. జార్జ్‌టౌన్ ఒక్క పాయింటు ఆధిక్యం. అందరూ బంతి వర్తీకి వెళుతుందని లోపలికి ముడుచుకున్నారు. ఎడమ వైపు ఖాళీగా ఉన్న మరో మొదటి ఏడాది కుర్రాడు మైకేల్ జోర్డాన్ 17 సెకన్లు ఉండగా షాట్ వేశాడు. పడింది. జార్జ్‌టౌన్‌కు ఇంకా సమయం ఉంది. గార్డు ఫ్రెడ్ బ్రౌన్ బంతిని ముందుకు తెచ్చాడు, కంటి చివర ఒక ఆకారం కనిపించింది, తనవాడే అనుకుని పాస్ ఇచ్చాడు. అది వర్తీ. అంతకుముందు క్షణం బంతి కాజేయబోయి తన స్థానం వదిలి వచ్చినందుకే వర్తీ అక్కడున్నాడు, ఆ చోట ప్రత్యర్థి ఉంటాడని బ్రౌన్ ఊహించనే లేదు.

మ్యాచ్ అయ్యాక కెమెరాను గమనించండి. ఆరడుగుల పదంగుళాల భారీ మనిషి జాన్ థాంప్సన్, బ్రౌన్‌ను దగ్గరికి తీసుకుని హత్తుకుంటాడు. రెండేళ్ల తర్వాత, 1984లో హ్యూస్టన్‌ను 84-75తో ఓడించి జార్జ్‌టౌన్ ఛాంపియన్ అయినప్పుడు థాంప్సన్ మళ్లీ అదే కుర్రాడిని హత్తుకున్నాడు. ఆ టైటిల్‌తో పురుషుల డివిజన్ వన్ టోర్నమెంటు గెలిచిన తొలి నల్లజాతి కోచ్ అయ్యాడు. ఈ రెండు దృశ్యాలనూ ఒకదాని వెంట ఒకటి చూడాలని గట్టిగా చెబుతాను.

డీన్ స్మిత్‌కు అది తొలి టైటిల్. అంతకుముందు ఆరుసార్లు ఆఖరి నాలుగు జట్లలోకి వచ్చి ఖాళీ చేతులతో వెళ్లాడు. మరి ఇంత మంచి మ్యాచ్ ఉన్న సీజన్‌ను మొదటి స్థానంలో ఎందుకు పెట్టడం లేదంటే, నార్త్ కరోలినా మొదటినుంచీ ఫేవరెట్ జట్టు. దారి నేరుగా సాగింది. ఫైనల్ ఒక్కటే శిఖరం.

1983: చాలామందికి నా సలహా ఇదే

నార్త్ కరోలినా స్టేట్‌ను పై పేరాలోని నార్త్ కరోలినాతో కలిపేయకండి. రెండూ వేర్వేరు విశ్వవిద్యాలయాలు, బద్ధ ప్రత్యర్థులు. స్టేట్ ఉన్నది ర్యాలీలో. ఆ చుట్టుపక్కల కేరీ, మారిస్‌విల్ ఊళ్లలో తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. అక్కడి పిల్లలకు ఈ కథ స్థానిక చరిత్ర.

ఆ ఏడాది స్టేట్ మామూలు జట్టు కంటే కొంచెం మెరుగు, అంతే. ప్రధాన షూటర్ డెరిక్ విటెన్‌బర్గ్ పాదం ఎముక విరిగి సీజన్ మధ్యలో చాలా మ్యాచ్‌లకు దూరమయ్యాడు. కాన్ఫరెన్స్ టోర్నమెంటుకు వచ్చేసరికి రికార్డు 17-10. టైటిల్ గెలిస్తే తప్ప జాతీయ టోర్నమెంటులో చోటు దక్కే ఆశ తక్కువ. వేక్ ఫారెస్ట్‌ను 71-70తో, డిఫెండింగ్ ఛాంపియన్ నార్త్ కరోలినాను ఓవర్‌టైమ్‌లో 91-84తో, రాల్ఫ్ శాంప్సన్ ఉన్న వర్జీనియాను 81-78తో ఓడించి ఆ టైటిల్ పట్టింది. అప్పటికి జోర్డాన్ రెండో ఏడాది ఆటగాడు, శాంప్సన్ దేశంలోనే అత్యుత్తముడు.

జాతీయ టోర్నమెంటులో ఆరో సీడ్, అంటే తన ప్రాంతీయ విభాగంలో ఆరో ర్యాంకు. మొదటి రౌండులోనే పెపర్‌డైన్ చేతిలో కథ ముగియవలసింది. ఓవర్‌టైమ్ చివరి క్షణాల్లో వెనకబడి ఉన్నప్పుడు స్టేట్ ఫౌల్ చేసింది. పెపర్‌డైన్ ఆటగాడు ఫ్రీ త్రో తప్పాడు. ఆ తర్వాత తమ జట్టు తప్పిన షాట్‌కు కోజెల్ మెక్‌క్వీన్ రీబౌండ్ పట్టి, అంటే తప్పి వచ్చిన బంతిని అందుకుని, బాస్కెట్‌లో వేసి స్కోరు సమం చేశాడు. రెండో ఓవర్‌టైమ్‌లో 69-67తో బయటపడ్డారు. తర్వాత నెవాడా లాస్ వేగస్‌తో రెండో సగంలో 12 పాయింట్లు వెనకబడి 71-70తో గెలిచారు. యూటాను తేలిగ్గా ఓడించారు. ప్రాంతీయ ఫైనల్లో మళ్లీ వర్జీనియా, మళ్లీ శాంప్సన్. లొరెంజో చార్ల్స్ అనే రెండో ఏడాది కుర్రాడు 23 సెకన్లు ఉండగా రెండు ఫ్రీ త్రోలు వేసి 63-62తో గట్టెక్కించాడు. ఆ పేరు గుర్తుంచుకోండి.

కోచ్ జిమ్ వల్వానో పద్ధతి ఒకటే: చివరి నిమిషాల్లో వెనకబడి ఉంటే వెంటవెంటనే ఫౌల్ చేయడం. మొదటి ఫ్రీ త్రో తప్పితే బంతి మనదే. వినడానికి జూదంలా ఉంటుంది కానీ కాదు. ప్రత్యర్థుల్లో ఎవరికి ఫ్రీ త్రో చేతకాదో ముందే లెక్కగట్టి, బంతి వాళ్ల చేతికే చేరేలా చేసేవాడు. అలసిన ఇరవై ఏళ్ల కుర్రాడు వేల మంది అరుపుల మధ్య గీత దగ్గర ఒంటరిగా నిలబడటం ఎంత కష్టమో ఈ సీజన్ చూపించినట్టు మరేదీ చూపించదు.

అవతలి వైపు హ్యూస్టన్. 26 మ్యాచ్‌లుగా ఓటమి లేదు. లాగోస్ నుంచి వచ్చి, ఫుట్‌బాల్లో గోల్‌కీపర్‌గా, హ్యాండ్‌బాల్‌లోనూ ఆడి ఆలస్యంగా బాస్కెట్‌బాల్ పట్టుకున్న అకీమ్ ఓలాజువాన్ (పేరు తర్వాత హకీమ్ అయింది), పక్కన క్లైడ్ డ్రెక్స్‌లర్. డంకుల మీద డంకులు వేసే జట్టు. సెమీఫైనల్లో లూయివిల్‌ను 94-81తో ఓడించిన తీరు చూసి, సోమవారం ఫైనల్ లాంఛనమే అన్నారు అందరూ. ఈ సెమీఫైనల్‌ను తప్పక చూడండి. హ్యూస్టన్ అంటే అప్పట్లో ఎంత భయమో తెలియకపోతే ఫైనల్ బరువు తెలియదు.

ఏప్రిల్ 4, ఆల్బకర్కీ. సముద్రమట్టానికి దాదాపు 5,000 అడుగుల ఎత్తులో ఉన్న ఊరు, పరుగెత్తేవాళ్లకు ఊపిరి అందదు. డ్రెక్స్‌లర్‌కు మొదటి సగంలోనే నాలుగు ఫౌళ్లు పడ్డాయి, ఐదోది పడితే బయటికే. విరామానికి స్టేట్ 33-25తో ముందుంది. రెండో సగం మొదట్లో హ్యూస్టన్ విజృంభించి 17 పాయింట్లు చేస్తే స్టేట్ రెండే చేయగలిగింది. అక్కడ హ్యూస్టన్ కోచ్ గై లూయిస్ ఆట వేగం తగ్గించమన్నాడు. అది ఆ జట్టు స్వభావానికి విరుద్ధం. తన జట్టు బలం వేగంలో, బలహీనత ఫ్రీ త్రోల్లో ఉన్నప్పుడు, ప్రత్యర్థి ఫౌల్ చేయడానికి కాచుకుని ఉన్నప్పుడు నెమ్మదించడం నా దృష్టిలో మ్యాచ్‌ను చేజార్చిన నిర్ణయం. ఆ రాత్రి హ్యూస్టన్ 19 ఫ్రీ త్రోల్లో 10 మాత్రమే వేసింది.

52-52 దగ్గర స్టేట్ మళ్లీ ఫౌల్ చేసింది. మొదటి ఏడాది గార్డు ఆల్విన్ ఫ్రాంక్లిన్ ఫ్రీ త్రో తప్పాడు. గడియారం లేదు కాబట్టి స్టేట్ చివరి షాట్ కోసం బంతిని తిప్పుతూ కూర్చుంది. ఆఖరి క్షణాల్లో ఒక పాస్‌ను హ్యూస్టన్ ఆటగాడు చేయి పెట్టి దాదాపు కాజేశాడు. అతను పట్టుకుని ఉంటే అటు చివర ఒంటరి డంక్, హ్యూస్టన్ ఛాంపియన్. బంతి వేళ్లకు తగిలి జారింది. విటెన్‌బర్గ్ దాన్ని అందుకుని దాదాపు ముప్పై అడుగుల నుంచి విసిరాడు. షాట్ పొట్టిదైంది, రింగును కూడా తాకలేదు. కింద నిలబడ్డ లొరెంజో చార్ల్స్ గాల్లోనే బంతి అందుకుని డంక్ చేశాడు. 54-52. అందరి కళ్లూ బంతి మీద ఉండగా చార్ల్స్ ఒక్కడే అది పొట్టిదవుతుందని పసిగట్టాడు. రెండోసారి చూసేటప్పుడు బంతిని వదిలి చార్ల్స్‌ను చూడండి, ఓలాజువాన్‌ను చూడండి. ఓలాజువాన్ బంతి రింగుకు తగిలి వస్తుందని కాచుకున్నాడు.

తర్వాత వల్వానో కోర్టు మీద అటూ ఇటూ పరుగులు, ఎవరిని హత్తుకోవాలో తెలియక. ఓడిన జట్టు ఓలాజువాన్‌కు 20 పాయింట్లు, 18 రీబౌండ్లతో టోర్నమెంటు ఉత్తమ ఆటగాడి గౌరవం దక్కింది. ఓడిన జట్టువాడికి ఆ గౌరవం మళ్లీ దక్కలేదు. పన్నెండేళ్ల తర్వాత 1995లో ఓలాజువాన్, డ్రెక్స్‌లర్ హ్యూస్టన్ రాకెట్స్‌కు కలిసి ఆడి ఎన్‌బీఏ టైటిల్ గెలిచారు. వల్వానో 1993 ఏప్రిల్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. అంతకు కొద్ది వారాల ముందు వేదికెక్కి, క్యాన్సర్ పరిశోధనకు నిధి ప్రారంభిస్తున్నట్టు ప్రకటించాడు. ఆ సంస్థ ఇప్పటికీ పనిచేస్తోంది.

1985: ఓపిక ఉన్నవాళ్లకు బహుమతి

64 జట్లతో జరిగిన తొలి టోర్నమెంటు ఇది, గడియారం లేకుండా జరిగిన ఆఖరిది కూడా. విల్లనోవా ఎనిమిదో సీడ్. అంతకంటే దిగువ సీడ్ ఇప్పటివరకు ఛాంపియన్ కాలేదు. ఫైనల్లో ఎదురైంది 35-2 రికార్డుతో వచ్చిన డిఫెండింగ్ ఛాంపియన్ జార్జ్‌టౌన్, నాలుగో ఏడాది యూయింగ్. అదే సీజన్‌లో ఆ జట్టు విల్లనోవాను రెండుసార్లు ఓడించింది.

ఏప్రిల్ 1, లెక్సింగ్టన్. 66-64. విల్లనోవా మ్యాచ్ మొత్తంలో వేసినవి 28 షాట్లే, అందులో 22 పడ్డాయి. రెండో సగంలో పది వేస్తే తొమ్మిది పడ్డాయి. రోలీ మాసిమినో జట్టు మంచి షాట్ దొరికేదాకా బంతి వదలలేదు. దొరికినప్పుడు తప్పలేదు. హెరాల్డ్ జెన్సెన్ ఐదుకు ఐదు. జార్జ్‌టౌన్ చెడ్డగా ఆడిందా అంటే, అదీ కాదు. 53 షాట్లలో 29 వేసింది, మామూలు రోజున అది గెలుపు.

ఈ సీజన్‌లో చిక్కేమిటంటే విల్లనోవా దారి నత్తనడక. డేటన్‌పై 51-49, మేరీల్యాండ్‌పై 46-43, మెంఫిస్ స్టేట్‌పై 52-45. ఆట తెలిసినవాళ్లకు వాటిలో పాఠాలున్నాయి. కొత్తవాళ్లకు, ముఖ్యంగా పిల్లలకు, అవి చూపించకండి. మూడు పాయింట్ల షాట్లు చూసి పెరిగిన పిల్లవాడు 46-43 మ్యాచ్ మధ్యలో లేచి వెళ్లిపోతే అతని తప్పు కాదు.

1974: అన్నిటికంటే గొప్ప ఆట ఇక్కడే ఉంది

నాణ్యత ఒక్కటే కొలతైతే నా ఓటు దీనికి. మళ్లీ నార్త్ కరోలినా స్టేట్, కానీ ఈసారి అనామక జట్టు కాదు. 1973లో 27-0తో ముగించి కూడా, నిబంధనల ఉల్లంఘనకు శిక్షగా టోర్నమెంటులో ఆడలేకపోయిన జట్టు. 1974లో ఓడింది ఒక్కసారే, డిసెంబరులో యూసీఎల్ఏ చేతిలో, 84-66తో.

డేవిడ్ థాంప్సన్ పేరు మన దగ్గర ఎక్కువ మందికి తెలియదు. జోర్డాన్ చిన్నప్పుడు ఆరాధించిన ఆటగాడు. డంక్ నిషేధం కాబట్టి, సహచరుడు బంతిని రింగు పైకి విసిరితే థాంప్సన్ ఎగిరి గాల్లో అందుకుని మెల్లగా లోపల జారవిడిచేవాడు. బంతిని గుచ్చడం కుదరనందుకు ఆ కదలికలో వచ్చిన అందం నేటి డంకుల్లో లేదని నా అభిప్రాయం. ఒక పక్క ఏడడుగులకు పైగా ఉన్న టామ్ బర్లిసన్, మరో పక్క అయిదడుగుల ఏడంగుళాల మాంటీ టో. ముగ్గురూ ఒకే ఫ్రేములో కనిపించినప్పుడు పిల్లలకు భలే నచ్చుతుంది.

చూడవలసినవి రెండు మ్యాచ్‌లు. మొదటిది మార్చి 9 కాన్ఫరెన్స్ ఫైనల్: స్టేట్ 103, మేరీల్యాండ్ 100, ఓవర్‌టైమ్. షాట్ క్లాక్ లేని రోజుల్లో వచ్చిన స్కోరు అది! బర్లిసన్ 38 పాయింట్లు. అప్పట్లో కాన్ఫరెన్స్ ఛాంపియన్ ఒక్కరికే జాతీయ టోర్నమెంటులో ప్రవేశం. దేశంలో అగ్రశ్రేణి జట్టయిన మేరీల్యాండ్ అంత ఆడి ఇంట్లో కూర్చుంది. ఆ అన్యాయం అందరికీ కనిపించింది. 1975లో టోర్నమెంటును 32 జట్లకు పెంచి, ఒకే కాన్ఫరెన్స్ నుంచి ఒకటి కంటే ఎక్కువ జట్లు రావడానికి వీలు కల్పించారు. నేటి మార్చి సందడికి బీజం ఆ సాయంత్రం పడింది.

రెండోది మార్చి 23 సెమీఫైనల్, యూసీఎల్ఏ మీద. బిల్ వాల్టన్ 29 పాయింట్లు, 18 రీబౌండ్లు. స్టేట్ రెండో సగంలో 11, రెండో ఓవర్‌టైమ్‌లో 7 పాయింట్లు వెనకబడి 80-77తో గెలిచింది. టోర్నమెంటులో యూసీఎల్ఏ వరసగా గెలిచిన 38 మ్యాచ్‌ల పరంపర అక్కడ తెగింది. వారం ముందు పిట్స్‌బర్గ్‌తో ఆడుతూ కింద పడి తలకు 15 కుట్లు పడిన థాంప్సన్ ఈ మ్యాచ్‌లో 28 పాయింట్లు చేశాడు. ఒక మాట ఒప్పుకోవాలి: ప్రాంతీయ పోటీలు ర్యాలీలో, ఆఖరి రెండు మ్యాచ్‌లు గ్రీన్స్‌బరోలో జరిగాయి. అంటే స్టేట్‌కు సొంత రాష్ట్రం, సొంత జనం. తటస్థ వేదిక అయితే ఏమయ్యేదన్న ప్రశ్న న్యాయమైనదే. ఫైనల్లో మార్క్వెట్ (Marquette) కాలేజీ జట్టుపై 76-64 గెలుపు చూడకపోయినా నష్టం లేదు.

మరి ఇది మొదటి స్థానంలో ఎందుకు లేదు? చిత్రం మసకగా ఉంటుంది, కెమెరాలు తక్కువ, రీప్లేలు అరుదు. ఆట కొంత తెలిస్తేనే ఆటగాళ్ల గొప్పదనం కంటికి ఆనుతుంది.

మీకు ఏది?

ఆట కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు, పిల్లలతో కలిసి చూసేవాళ్లు 1983 తీసుకోండి. వర్జీనియాతో ప్రాంతీయ ఫైనల్, హ్యూస్టన్-లూయివిల్ సెమీఫైనల్, ఆ తర్వాత ఫైనల్, ఇదే వరస. వారాంతంలో రెండు రోజులు సరిపోతుంది. పెద్దవాళ్లకు మ్యాచ్ మొత్తం చూడమంటాను. పదేళ్ల లోపు పిల్లలైతే ఫైనల్లో రెండో సగం నుంచి మొదలుపెట్టండి.

ఎన్‌బీఏ అభిమానులైతే 1982తో మొదలుపెట్టి 1979కి వెనక్కి వెళ్లండి. జోర్డాన్, వర్తీ, యూయింగ్ ఒకే కోర్టులో ఉన్నారు. తెలిసిన ముఖాలను కుర్రతనంలో చూడటం వేరే ఆనందం. మీరు స్వయంగా ఆడేవాళ్లు లేదా స్కూలు జట్టుకు నేర్పేవాళ్లు అయితే 1985 ఫైనల్ రెండుసార్లు చూడండి. మొదటిసారి బంతిని, రెండోసారి బంతి లేని నలుగురినీ గమనించండి. షాట్ దొరికేదాకా వాళ్లు ఎలా కదిలారో నేర్చుకోదగ్గది.

1974ను మూడోదిగానో నాలుగోదిగానో ఉంచుకోండి, వదిలేయవద్దు. అప్పటికి పాత చిత్రానికి కళ్లు అలవాటు పడి ఉంటాయి.

ఒక జాగ్రత్త. వెతుకులాటలో స్కోరు ముందే కంట పడుతుంది, వీడియో శీర్షికలోనే విజేత పేరు రాస్తారు. మీ ఇంట్లో ఒకరు వెతికిపెట్టి, మిగిలినవాళ్లకు జట్ల పేర్లు మాత్రమే చెప్పే ఏర్పాటు చేసుకోండి. ఈ వ్యాసం చదివిన మీకు ఫలితాలన్నీ తెలిసిపోయాయి కాబట్టి ఆ వెతికే పని మీదే. ప్రతి మ్యాచ్‌కు ముందు రెండు నిమిషాలు తీసుకుని, షాట్ క్లాక్ లేదనీ, మొదటి ఫ్రీ త్రో తప్పితే రెండోది లేదనీ మిగిలినవాళ్లకు వివరించండి.